అన్న బిళ్ళ మీద దిగినవాడు

ఆండర్సన్‌పేట,
7 జనవరి 2024

తమ్ముడు బచ్చప్పకు, మరదలు మునివెంకటమ్మకు, సుమకు ఆశీస్సులు.

ఇక్కడ నేనూ మీ వదినా బాగానే ఉన్నాం. మోకాళ్ళు పట్టేశాయని ఏడుస్తూనే మారమ్మ నిన్న అరకిలో అనపకాయల కోసం రాబర్ట్‌సన్‌పేట మార్కెట్టంతా తిరిగి వచ్చింది. పెదనాన్నను ఫోనులో మెసేజ్ పెట్టమని సుమ చెప్పి పంపిందట. ఇరవై ఏళ్ళు బంగారు గనిలో డ్రిల్లు పట్టిన ఈ వేళ్ళను ఆ ఫోను అద్దం గుర్తుపట్టడం లేదని చెప్పు. మాట్లాడదామంటే చెవులు కూడా ఆ డ్రిల్లుకే పోయాయి. నీకు నాకు ఈ కాగితమే గతి.

సంగతేమిటంటే, మన గని సర్వేయర్ బదరీనాథ్ గారు రెండేళ్ళ కిందట పోయారట. ఆయన కొడుకు సుధీంద్ర బెంగుళూరులో పంపుసెట్ల కంపెనీ పెట్టి బాగా సంపాదించాడు. తండ్రి పేరు మీద బదరీ సేవా ట్రస్టు అని మొదలుపెట్టి, మన కోరమండల్ గని కాలనీలో ఒక పాత బంగళాను బాగు చేయిస్తున్నాడు. మనలాంటి పాత గని పనివాళ్ళకు ఊపిరితిత్తుల్లో రాతి దుమ్ము చేరింది కదా, వాళ్ళ కోసం డాక్టరు, ఆక్సిజన్ మెషీన్లు, మంచాలు అన్నీ పెడుతున్నారు. పైసా తీసుకోరట.

పోయిన మంగళవారం ట్రస్టు నుంచి అర్పిత అనే అమ్మాయి మన ఇంటికి వచ్చింది. నాకు వినపడదని తెలిసి పలక మీద రాసి చూపించింది. చేతిలో, గనిలోకి దిగినవాళ్ళ హాజరు బిళ్ళల నంబర్లు రాసే పాత లాంప్ రూము రిజిస్టరు జిరాక్సు ఉంది. 'మీ బిళ్ళ నంబరు 2318 ఏనా?' అని రాసింది. అవునని తల ఊపాను. '1986 ఆగస్టులో మా సార్ నాన్నగారిని కాపాడింది మీరేనన్నమాట' అని రాసింది. నేను చదివేలోపే ఆ అమ్మాయి వెనకాల వచ్చినవాళ్ళు నా మెడలో దండ వేసి ఫోటో తీసేశారు.

ఆ బంగళాకు 'ఆవులప్ప శ్వాస కేంద్రం' అని పేరు పెడతారట. తండ్రిని కాపాడినవాడి పేరే పెట్టాలని సుధీంద్ర గారి పట్టుదల. నంబరు నాదే కదా బచ్చప్పా, నేను అబద్ధమేమీ చెప్పలేదు. ప్రారంభం ఫిబ్రవరి 25న. చెవిలో పెట్టుకునే మిషను కూడా ఇచ్చారు గానీ పెట్టుకుంటే ఈలలు వేస్తోంది, డబ్బాలోనే ఉంచాను.

ఫోటో సుమ ఫోనుకు పంపారట. చూసి ఎలా ఉన్నానో రాయి.

నీ అన్న,
ఆవులప్ప


శ్రీనివాసపురం,
16 జనవరి 2024

అన్నకు బచ్చప్ప రాసేది.

ఫోటో చూశాను. బాగున్నావు. దండ నీ మెడకు చక్కగా సరిపోయింది. సుమ ఆ ఫోటోను నాలుగిళ్ళకు చూపించి వచ్చింది, 'మా పెదనాన్న' అంటూ. నేను తోటలోకి పోయి మామిడి పూతకు మందు కొట్టే పంపు కడుగుతూ కూర్చున్నాను. కళ్ళు కుట్టాయన్నా. దాచడమెందుకు, కళ్ళల్లో కారం పడ్డట్టే ఉంది.

నంబరు నీదే. ఎవరు కాదన్నారు? ఆ బిళ్ళ లాంప్ రూములో ఇచ్చి దీపం తీసుకుని లోపలికి దిగింది ఎవరు? నువ్వు మరిచిపోయి ఉంటే నేను గుర్తు చేస్తాను. ఆ రోజు నువ్వు కుప్పంలో ఉన్నావు. మారమ్మ వదినను పెళ్ళిచూపులు చూసుకోవడానికి పోయావు. ఆ నెలలో ఇంకో రోజు పని మానితే నీకు మేస్త్రీ పని రాదని, 'ఒక్క పొద్దుకు నా బిళ్ళ మింద దిగరా' అని నా కాళ్ళావేళ్ళా పడ్డావు. అన్నదమ్ములు బిళ్ళలు మార్చుకోవడం మన గని లైన్ల ఇళ్ళలో అందరూ చేసేదే కదా అని నేను సరే అన్నాను. దిగాను. రాయి పేలింది. పదకొండు గంటలు ఆ సర్వేయరుతో రాళ్ళ వెనక ఉన్నాను. బయటికి తెచ్చాను.

ఆ ఒక్క రోజులో నీకు పెళ్ళాం దొరికింది, మేస్త్రీ పని దొరికింది, ధైర్యవంతుడనే పేరు దొరికింది. నాకు వీపు మీద జానెడు మచ్చ దొరికింది. తెల్లారి నువ్వు కుప్పం నుంచి రైలు దిగి నేరుగా ఆసుపత్రికి వచ్చి నా మంచం మీద పడుకున్నావు. నేను నీ చొక్కా వేసుకుని, రక్తం కారుతున్న వీపుతో ఇంటికి నడిచి పోయాను. మేనేజరు తెచ్చిన ఆపిల్ పళ్ళు నువ్వు తిన్నావు. ఒక్కటి కూడా ఇంటికి తేలేదు. ఇది నేను ఎప్పుడూ అడగలేదు, ఇప్పుడు అడుగుతున్నాను.

చిన్నప్పుడు నీ చొక్కాలు చిన్నవైతే నేను తొడిగాను. నీ పుస్తకాలు చిరిగాక నేను చదివాను. అవి తమ్ముడిగా పుట్టినవాడికి తప్పవులే అనుకున్నాను. కానీ నేను చేసిన పనిని నువ్వు తొడుక్కుని, దాని మీద దండ వేయించుకుని, 'ఎలా ఉన్నాను' అని నన్నే అడుగుతావా?

పోయిన వారం ట్రస్టు వాళ్ళ పేరు విన్నప్పటినుంచి మునివెంకటమ్మతో సరిగా మాట్లాడలేదు. అది పాపం ఏం తప్పు చేసిందో తెలియక రెండు రోజులు వరసగా నాకిష్టమని ఉలవచారు చేసింది.

వదినకు నా నమస్కారాలు.

బచ్చప్ప


ఆండర్సన్‌పేట,
24 జనవరి 2024

తమ్ముడు బచ్చప్పకు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మారమ్మ నా చేతిలోంచి లాక్కుని తనూ చదివింది. చదివి నా మొహానికి దగ్గరగా వచ్చి, నాకు అర్థమయ్యేలా పెదాలు కదుపుతూ అంది: 'ఆ పొద్దు నువ్వు మా ఇంట్లో బోండాలు తింటా కూర్చోనుంటివి. ఈ పొద్దు దండ ఎట్ల ఏసుకుంటివి?' మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాకెలాగూ వినపడదు కాబట్టి, ఆమె మాట్లాడటం లేదని మూడో రోజుగ్గానీ నాకు తెలియలేదు.

ఒక మాట చెప్తాను, కోప్పడకు. ఆసుపత్రిలో నోరు మెదపవద్దని చెప్పింది నువ్వే. బిళ్ళలు మార్చుకున్నామని తెలిస్తే ఇద్దరినీ పనిలోంచి తీసేస్తారని, అమ్మ ఆకలితో పోతుందని నువ్వే అన్నావు. ఆ తరవాత పదిహేనేళ్ళు గని నడిచింది. ఎలా చెప్పేది? గని మూతపడ్డాక ఎవరికి చెప్పేది? ఇప్పుడు దండ వేసినవాళ్ళను ఆపడం నాకు చేతకాలేదు. నిజమే, ఆపాలని కూడా అనిపించలేదు. అరవై నాలుగేళ్ళకు మొదటిసారి ఎవరో నా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు.

నీ మనసులో ఉన్నది నాకు అర్థమైంది. సుమ నర్సు చదువు ముగించి ఏడాదిగా ఊరికే ఉంది. శ్వాస కేంద్రంలో నర్సులు కావాలట. అర్పితకు చెప్పాను, 'తాత చెప్తే కాదంటామా' అని పలక మీద రాసింది. ఇంగ నువ్వు దిగులు పడొద్దు.

ఇప్పుడు నాకు నీతో ఒక పని పడింది. ఆ రోజు లోపల ఏం జరిగిందో ప్రారంభం నాడు అందరి ముందూ నేను చెప్పాలట. సుధీంద్ర గారు నా నోటి నుంచి వినాలని ఎదురు చూస్తున్నారట. నాకేం తెలుసు? నువ్వు ఒక్కసారి కూడా చెప్పలేదు. ఒకటి రెండుసార్లు అడిగితే లేచి బయటికి పోయేవాడివి. కాస్త వివరంగా రాసి పంపు.

ఆహ్వానం కార్డు దీంతో పెట్టాను. ఆవులప్ప బంధువులకు మూడో వరసలో కుర్చీలు వేస్తారు. మీ ముగ్గురి పేర్లూ ఇచ్చాను.

నీ మంచి కోరే
ఆవులప్ప


శ్రీనివాసపురం,
2 ఫిబ్రవరి 2024

ఆవులప్పన్నకు.

మూడో వరస! కార్డు చూసి నవ్వొచ్చింది. ఆవులప్ప బంధువునట నేను. ముందు వరసలో ఎవరు కూర్చుంటారు, ఆ రోజు నువ్వు బోండాలు తిన్న ఇంటివాళ్ళా?

నేను పేరు అడిగితే నువ్వు ఉద్యోగం చూపించావు. నేను ప్రాణాలకు తెగించి చేసిన పనికి, నువ్వు సిఫార్సు చేసి, నా కూతురికి పని ఇప్పిస్తావా? సుమ ఆ మాట విని ఎగిరి గంతేసింది. దాని సంతోషం చూస్తే నాకు ఇంకా మండింది. 'పెదనాన్న ఎంత మంచోడు నాయనా' అంటోంది. నువ్వు మంచోడివే. మంచోడు కావడం నీకెప్పుడూ సులువే.

సరే, అడిగావు కాబట్టి రాస్తున్నాను. బాగా చదివి గుర్తు పెట్టుకో.

సర్వేయరు కొలత పెట్టెతో వచ్చాడు. అరవై ఆరో లెవెల్‌లో ఒక సందు కొలవాలి. అతను ముందు, దీపం పట్టుకుని నేను వెనక. మొదట చెవుల్లో గాలి కొట్టింది, ఆ తరవాతే చప్పుడు వినపడింది. లేచి చూస్తే మేం వచ్చిన దారి లేదు. అతని కుడి కాలు రాయి కింద ఉంది. నా వీపు చీరుకుపోయిందని అప్పటికి తెలియలేదు. జంపరు కడ్డీ ఒకటి దొరికితే దాన్ని రాయి కింద పెట్టి ఎత్తాను. నాలుగో ప్రయత్నానికి కాలు బయటికి వచ్చింది. అరవలేదు మనిషి. పళ్ళు బిగించి తన దేవుడి పేర్లు ఒక్కొక్కటే చెప్పుకుంటూ ఉన్నాడు.

రెండు దీపాల్లో ఒకటి ఆర్పేశాను, ఎంతసేపు ఉండాలో తెలియదు కాబట్టి. 'నీ పేరేమప్పా?' అని అడిగాడు. 'ఆవులప్ప' అన్నాను. నీ బిళ్ళ మీద దిగాను కదా, ఇంకేం చెప్పను? ఆ చీకట్లో దుమ్ములో అతను నా మొహం చూడలేదు. ఆ పేరే పదకొండు గంటలూ పిలిచాడు. రాళ్ళు తీసే చోటికి అతన్ని వీపు మీద మోసుకుంటూ పాకాను. బయటికి వచ్చిన రాత్రే అతన్ని బెంగుళూరుకు తీసుకుపోయారు.

ఇంకొకటి ఉంది. ఇది తప్పకుండా హాల్లో చెప్పు. నా దగ్గర క్యాన్‌లో నీళ్ళున్నాయి. దాహంతో అతని నాలుక పిడచకట్టుకుపోతోంది. క్యాన్ అతని నోటి దగ్గర పెట్టాను. మొహం తిప్పుకున్నాడు. 'వద్దప్పా, మీ నీళ్ళు నేను తాగను' అన్నాడు. చావబోతూ కూడా మడి వదలలేదు. అలాంటివాణ్ణి మోసుకొచ్చాను నేను. పెద్దమనిషి కొడుకు ఆ పెద్దమనిషి ఎలాంటివాడో వినాలి కదా.

మేం రావడం లేదు. తోటలో పూత టైము.

బచ్చప్ప


ఆండర్సన్‌పేట,
10 ఫిబ్రవరి 2024

తమ్ముడికి.

అందింది. మూడుసార్లు చదివి, తలుపు వేసుకుని గట్టిగా చెప్పి చూసుకున్నాను. ఎంత గట్టిగా చెప్పానో నాకు తెలియదు, పక్కింటి దొడ్డమునియప్ప పరుగెత్తుకొచ్చాడు, ఏమైందని.

నీళ్ళ మాట మాత్రం నోటికి రావడం లేదురా. తండ్రి పేరు మీద ఇంత చేస్తున్న కొడుకు ముందు, చచ్చిపోయిన మనిషి గురించి ఆ మాట ఎలా చెప్పను? వదిలేస్తే ఏమవుతుంది?

ఆవులప్ప


శ్రీనివాసపురం,
15 ఫిబ్రవరి 2024

అన్నకు.

వదిలేయడానికి వీల్లేదు. అది లేకపోతే కథ చెప్పొద్దు. నా పేరు తీసుకున్నావు, నా వీపు మీది మచ్చ తీసుకున్నావు, మాట కూడా నీ ఇష్టం వచ్చినట్టు మారుస్తావా? చెప్పి తీరాలి.

బచ్చప్ప


ఆండర్సన్‌పేట,
27 ఫిబ్రవరి 2024

తమ్ముడు బచ్చప్పకు.

నేను ఒక పని చేశాను. మంచిదో చెడ్డదో నువ్వే చెప్పు.

ఆదివారం పది గంటలకు కారు పంపారు. మారమ్మ పట్టుచీర కట్టుకుంది గానీ మొహం ముడుచుకునే ఉంది. కోరమండల్ నిండా జనం. మనతో పనిచేసినవాళ్ళు ముప్పై మంది దాకా వచ్చారు, సగం మంది దగ్గుతూనే ఉన్నారు. సుధీంద్ర గారు తెల్ల పంచె కట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నారు. అంత ఉన్నవాడు, నన్ను చూసి చెప్పులు విడిచి ఎదురొచ్చాడు.

మైకు ఇచ్చారు. నువ్వు రాసింది రాసినట్టే చెప్పాను. దేవుడి పేర్ల దగ్గర ఆయన తల ఊపాడు. నీళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఆయన మొహం చూశాను. చిన్నపిల్లాడిలా నోరు తెరుచుకుని వింటున్నాడు. ఆ మాట చెప్పలేకపోయాను. 'క్యాన్‌లో నీళ్ళుండె. ఇద్దరమూ ఆ ఒక్క క్యాన్‌లోనే మార్చి మార్చి తాగితిమి' అనేశాను. నీ మాట దాటాను, క్షమించు. ఆ మనిషి మొహం చూస్తే నువ్వు కూడా అదే చేసేవాడివి.

అంతే, ఆయన భోరున ఏడ్చేశాడు. అర్పిత పలక మీద రాసి చూపించింది: 'వాళ్ళ నాన్నగారు కూడా ఇదే చెప్పేవారట. ఈ నీళ్ళ సంగతి ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదట.' బదరీనాథ్ గారు పరువు కోసం కొడుకుతో అలా చెప్పుకుని ఉంటారని నేను అనుకున్నాను. ఈలోగా సుధీంద్ర గారు వంగి నా కాళ్ళు పట్టుకున్నారు.

ఆ చేతులు నా పాదాల మీద పడగానే కాళ్ళు వెనక్కి లాక్కున్నాను. బచ్చప్పా, నీకొక్కడికే కడుపుమంట ఉందనుకుంటున్నావా? ముప్పై ఎనిమిదేళ్ళుగా నిన్ను చూసి నాకు మండుతూనే ఉంది. నాకు పేరుంది, పని లేదు. నువ్వు ఎప్పుడు చొక్కా విప్పినా ఆ మచ్చ చూసి, అది నా వీపు మీద ఉండాల్సిందని అనుకునేవాణ్ణి. నేనైతే ఆ లోపల ఏం చేసేవాణ్ణో నాకు తెలియదు. నువ్వేం చేశావో నీకు తెలుసు. నన్ను మేస్త్రీ అని పిలిచిన ప్రతిసారీ నీ మీదే కోపం వచ్చేది.

మైకు తీసుకుని చెప్పేశాను: 'ఇది నా పని కాదు సార్. నేను ఆ పొద్దు కుప్పంలో ఉంటిని. నా బిళ్ళ మింద దిగింది మా తమ్ముడు బచ్చప్ప.' ఎవరూ నమ్మలేదు. ముసలాయన, చెవుడు, ఏదో అంటున్నాడని నవ్వారు. 'తాతకు ఎంత వినయం' అని అర్పిత పలక మీద రాసింది. మారమ్మ ఒక్కతే లేచి నిలబడి అవునని అరిచింది, దాన్ని కూడా కూర్చోబెట్టారు. జేబులో, లోపలి సంగతి నువ్వు రాసిన ఉత్తరం ఉంది. తీసి ఆయన చేతిలో పెట్టాను. చేతిరాత చూడండి, లోపల ఉన్నవాడు రాసింది ఇది అన్నాను.

నీళ్ళ మాట అందులో ఉందన్న సంగతి ఆ తొందరలో నాకు గుర్తు రాలేదు. ఆయన అక్కడే నిలబడి చివరిదాకా చదివాడు. మొహం తెల్లబడింది. కాగితం మడిచి, పలక తీసుకుని రాశాడు: 'మా నాన్న తాగలేదా?' నాకు తెలియదు సార్, నేను అక్కడ లేను అన్నాను. బోర్డు మీద కప్పిన గుడ్డ తీయకుండానే ఆయన కారెక్కి వెళ్ళిపోయారు.

నీ అడ్రసు తీసుకున్నారు. నీ దగ్గరికి వస్తారు. నీ పేరు నీకు వచ్చేసింది.

అన్న,
ఆవులప్ప


శ్రీనివాసపురం,
4 మార్చి 2024

అన్నకు నమస్కారాలు.

మంచి చేశావా చెడు చేశావా అని అడిగావు. నువ్వు మంచే చేశావు. చెడు నేను చేశాను, అదీ నీ ఉత్తరం రాకముందే చేశాను. నీళ్ళ మాట అబద్ధం.

తండ్రి కొడుకుతో లోపలి సంగతి చెప్పే ఉంటాడని నాకు తెలుసు. నువ్వు హాల్లో నిలబడి, 'తాగలేదు' అంటావు, కొడుకు 'ఇతనెవరో అబద్ధాలకోరు' అంటాడు, దండతో సహా నిన్ను బయటికి పంపుతాడు. అదీ నా లెక్క. అందుకే చెప్పి తీరాలని మళ్ళీ రాశాను. నువ్వు జాలిపడి మార్చి చెప్పిందే అక్కడ జరిగింది. ఆ చీకట్లో లేనివాడివి, ఎలా చెప్పావన్నా?

ఆయన తాగాడు. నేనే భయపడ్డాను, ఈయనకు నా క్యాన్ ఎలా ఇచ్చేదని. నేను ఊరుకుంటే ఆయనే అడిగాడు, 'ఆవులప్పా, నీళ్ళుంటే ఇయ్యప్పా' అని. రెండు గుక్కలు తాగి ఆపేశాడు, నాకు మిగల్చాలని. కడ్డీ పట్టి నా చేతులు పగిలి క్యాన్ నిలవలేదు. అప్పుడు ఆయనే దాన్ని నా నోటికి ఎత్తి తాగించాడు. అలా పదకొండు గంటలు. మన అమ్మ తరవాత నాకు అలా తాగించినవాళ్ళు లేరు. ఇది నేను ఎవరికీ చెప్పలేదు, మునివెంకటమ్మకు కూడా. చెబితే నాకు ఏడుపు వస్తుంది. నువ్వు అడిగినప్పుడల్లా లేచి బయటికి పోయింది అందుకే. అలాంటి మాటను తీసుకుని నీ మీద విసరడానికి రాయి చేశాను.

నిన్న ఆదివారం సుధీంద్ర వచ్చాడు. తోటలో నులకమంచం మీద కూర్చున్నాడు. నేనేమీ అడగకముందే, 'మా నాన్న నీళ్ళు తాగినారా లేదా, అది ఒక్కటి చెప్పండి' అన్నాడు.

'తాగినాడు సార్. నేను రాసింది అబద్ధం' అన్నాను.

'ఎందుకు రాసినారు?'

'కడుపుమంట సార్. మా అన్న మింద.'

చేతులు కట్టుకుని జరిగిందంతా చెప్పాను, పైన నీకు రాసినట్టే. మధ్యలోనే నవ్వాడు, పసిపిల్లాడి మాటలు విన్నట్టు. 'మీ అన్న కూడా ఇట్లనే. నేను నొచ్చుకుంటానని హాల్లో తాగినాడని చెప్పినారు. మీరూ అదే చెప్తా ఉండారు. మీ అన్నదమ్ములది ఒకే మనసు' అన్నాడు. 'కాదు సార్, ఒట్టు' అన్నాను. 'ఆ ఉత్తరం మీరు నాకు రాయలేదు కదా, మీ అన్నకు రాసుకున్నారు. దాంట్లో అబద్ధం ఎందుకుంటాది? మా నాన్నే సిగ్గుపడి, తాగినానని మాకు చెప్పుకోనుంటారు' అన్నాడు. లేచి నిలబడి, వాళ్ళ నాన్న తరఫున నాకు చేతులెత్తి దణ్ణం పెట్టి, మమ్మల్ని క్షమించండి అన్నాడు. నన్ను చంపినా బాగుండేది.

పోయే ముందు మునివెంకటమ్మను నీళ్ళు అడిగాడు. కారులో సీసాలు ఉన్నాయన్నా, నేను చూశాను. చెంబు ఎత్తి ఒక్క చుక్క వదలకుండా తాగాడు, వాళ్ళ నాన్న తాగనందుకు తను తాగుతున్నట్టు. మునివెంకటమ్మ సంతోషపడి ఇంకో చెంబు తెచ్చింది. అదీ తాగాడు. నేను చూడలేక తల దించుకున్నాను. బోర్డు మీద 'బచ్చప్ప శ్వాస కేంద్రం' అని రాయిస్తున్నామని చెప్పి వెళ్ళాడు. ముందు ఆ బోర్డు పైన వాళ్ళ నాన్న ఫోటో పెడదామనుకున్నారట, ఇప్పుడు పెట్టరట.

ఆ పేరు కావాలని ముప్పై ఎనిమిదేళ్ళు ఏడ్చాను, వచ్చింది. నీ మీద మంట చల్లారిందా అంటే లేదు, ఇంకా పెరిగింది. ఆ లోపల లేని నువ్వు నీళ్ళ సంగతి చెబితే నమ్మి ఏడ్చాడు. ఉన్న నేను చెబితే నవ్వాడు.

అన్నా, నువ్వు రేపే కోరమండల్ పో. చెవి మిషను పెట్టుకుని పో, ఈలలు వేస్తే వేయనీ. ఈ ఉత్తరం చూపించు. ఇది కూడా నీకే రాసుకున్నాను కదా, నమ్మడా? బోర్డు మీద ఎవరి పేరైనా ఉండనీ, నీది రాయించుకున్నా నేను ఒక్క మాట అనను. ఆ ఫోటో మాత్రం పెట్టించు. వాళ్ళ నాన్న తాగాడని, నాకు తాగించాడని, నమ్మేదాకా చెప్పు. నన్ను నమ్మలేదు. నీ మాటే నమ్మాడు.

బచ్చప్ప